మా పార్కు గొడవను మాట్లాడి తేల్చినవాళ్లందరికీ

సాగర్ రోడ్డులోని మా అపార్ట్‌మెంట్ల సంగతి తెలిసిన పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం. పార్కు స్థలంలో బిల్డర్ కొత్త బ్లాకు కడతానన్న గొడవ రాజీతో తేలింది. లోక్ అదాలత్ అవార్డు (రాజీని ఖాయం చేస్తూ ఇచ్చిన తీర్పు) కాపీ చేతికొచ్చింది. ఏమైందని అడిగినవాళ్లందరికీ ఫోన్లో చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మొదటి ఫేజ్‌లో మేం దిగిపోయాం, రెండోది ఇంకా కడుతున్నారు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మంజూరు చేసిన ప్లాన్‌లో గేటు పక్కన పార్కు ఉంది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే అక్కడ ముగ్గు పోసి ఉంది! రెండో ఫేజ్ బ్లాకు ఇటు జరుగుతోందన్నారు. మంజూరైన ప్లాన్ మార్చాలంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. బిల్డర్ సంతకాల కాగితాలు చూపించాడు. చూస్తే లెక్క సరిపోయినట్టే ఉంది. ఇక రచ్చ మొదలైంది. వాట్సాప్ గ్రూపు రెండైంది. సంతకం పెట్టినవాళ్లు, పెట్టనివాళ్లు లిఫ్టులో ఎదురైతే మొహాలు తిప్పుకున్నారు. పని ఆగిపోయింది. రెండో ఫేజ్‌లో బుక్ చేసుకున్నవాళ్లు ఒకపక్క అద్దె, ఒకపక్క ఈఎంఐ కడుతూ మా మీద కారాలు మిరియాలు నూరారు. వాళ్ల టెన్షన్ వాళ్లది, తప్పు పట్టలేం.

మొదటి దండం మా బి బ్లాకు బాబాయిగారికి. టౌన్ ప్లానింగ్‌లో చేసి రిటైరయ్యారు. సెల్లార్‌లో పాత ప్లాను, కొత్త ప్లాను పరిచి, మూలలు లేవకుండా పెయింటు డబ్బాలు పెట్టి, మధ్యలో ట్రేసింగ్ పేపర్ వేసి ఎర్ర పెన్సిల్‌తో గీశారు. మేమంతా గేటు వైపే చూస్తుంటే ఆయన వేలు వెనక ప్రహరీ దగ్గర ఆగింది. కొత్త ప్లాన్‌లో అక్కడ ఒక గీత ఉంది, పాతదాంట్లో లేదు. వెనకున్న కుంట పది హెక్టార్ల లోపుది కాబట్టి దాని ఎఫ్‌టీఎల్ (పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే) హద్దు నుంచి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టని జాగా, వదలాలి. సర్వేలో ఆ హద్దు ఇటు జరిగేసరికి బ్లాకు కట్టాల్సిన చోటు కోతపడింది. బయటపడితే బుకింగులు రద్దవుతాయని బిల్డర్ నోరు మెదపలేదట.

సంతకాల లెక్క కూడా బాబాయిగారే విప్పారు. ఒక కుటుంబానికి ఎన్ని ఫ్లాట్లున్నా చట్టం ఒక్కరిగానే చూస్తుంది, బిల్డర్ చేతిలో ఉన్నవి లెక్కలోకే రావు. అవి తీసేస్తే మూడింట రెండు వంతులు లేవు. ఆ మాట మాకెలా చెప్పారో సంతకం పెట్టినవాళ్లకూ అలాగే కూర్చోబెట్టి చెప్పారు.

మాలో సగం మంది వెంటనే రెరాలో కేసు వేద్దామన్నారు. పైసా ఫీజు తీసుకోకుండా కాగితాలన్నీ చూసిన లాయరక్క ఆపింది. "ఆర్డర్ మీకు అనుకూలంగా వస్తుందేమో, కానీ బ్లాకు ఎక్కడ పెట్టాలో ఆర్డర్ గీసివ్వదు కదా" అంది. ఎల్బీనగర్ కోర్టుల ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కేసు వేయకముందే రాజీ కోసం) అర్జీ పెట్టించింది. కోర్టు ఫీజు లేదు. నోటీసు వెళ్లింది, బిల్డర్ వచ్చాడు.

మధ్యవర్తిగా కూర్చున్న మేడమ్‌గారికి ఎంత చెప్పినా తక్కువే. ముందు ఇరుపక్షాలతో విడివిడిగా మాట్లాడారు. ఇక్కడన్న మాటలు రేపు ఎక్కడా మీ మీద వాడరని గట్టిగా చెప్పారు. ఒకసారి మావాళ్లలో ఒకాయన "ఇది పచ్చి మోసం" అని లేచారు. మేడమ్ నెమ్మదిగా, "ఆ మాట తీసేసి మళ్లీ చెప్పండి" అన్నారు. ఆయన కాసేపు తడబడి, "పిల్లలు కార్ల మధ్య ఆడుతున్నారమ్మా" అన్నారు. బిల్డర్ ఆ మాట డైరీలో రాసుకోవడం నేను చూశాను. మరుసటి వాయిదాకు లాయర్‌తోపాటు ఆర్కిటెక్టునూ తీసుకురమ్మన్నారు ఆవిడ. చిక్కుముడి వీడింది అక్కడే.

ఇప్పుడు బ్లాకు మొదట అనుకున్నంత ముందుకు రాదు. గేటు వైపు అంతస్తుకొక ఫ్లాటు తగ్గుతుంది. పార్కు కాస్త చిన్నదైనా అక్కడే ఉంటుంది. బఫర్‌ను సెట్‌బ్యాక్ (బిల్డింగు చుట్టూ వదలాల్సిన జాగా) కింద చూపకూడదు గానీ ఖాళీ స్థలంగా లెక్కించుకోవచ్చని 2012 నాటి 168 జీవోలో ఉంది. కాబట్టి కుంట వైపు కంచె, చెట్లు, నడక దారి వస్తాయి. తగ్గిన ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్లకు అదే సైజులో వేరేది, వద్దంటే వడ్డీతో డబ్బు వాపసు. మేం బ్యాడ్మింటన్ కోర్టు వదులుకున్నాం. దాని మీద నాకింకా మనసు పీకుతూనే ఉంది.

లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. అయితే మనం ఒప్పుకున్నంత మాత్రాన హెచ్‌ఎండీఏ ఒప్పుకున్నట్టు కాదని మేడమ్ ముందే చెప్పారు. అక్కడ ప్లాన్ వెనక్కొస్తే రెండు పక్షాలూ మళ్లీ ముందు మధ్యవర్తి దగ్గరే కూర్చోవాలని రాసుకున్నాం.

రాత్రికి రాత్రి ప్లాన్ మళ్లీ గీసిచ్చిన ఆర్కిటెక్టు తమ్ముడికి, మమ్మల్ని తిట్టినా ప్రతి వాయిదాకూ వచ్చిన రెండో ఫేజ్ వాళ్లకు థ్యాంక్స్. బిల్డర్ మీద కోపం పూర్తిగా పోలేదు, కానీ ఫ్లాట్లు తగ్గించుకోవడానికి ఒప్పుకున్నందుకు ఆయనకు కూడా.

కొత్త ప్లాన్ కాపీ సెల్లార్ నోటీసు బోర్డులో ఉంది. సమ్మతి పత్రాలు బాబాయిగారి దగ్గరున్నాయి. ఈసారి ఎన్ని ఫ్లాట్లున్నా కుటుంబానికి ఒక్క సంతకమే. డల్లాస్, దుబాయ్‌లో ఉన్నవాళ్లు స్కాన్ కాపీ చాలదా అని అడుగుతున్నారు. దయచేసి ఒరిజినలే కొరియర్ చేయండి.