కొలతల ఊసెత్తని కుర్చీలు

సంపాదకులు గారికి,

నమస్కారం.

గడచిన ఆదివారం మీ పత్రిక అనుబంధంలో, ఇంట్లో ఎక్కువసేపు కూర్చునేవారు రిక్లైనర్ కుర్చీని ఎలా ఎంచుకోవాలనే అంశం మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రంగు, తొడుగు, గదికి కుర్చీ నప్పే తీరు వంటి సంగతులను వ్యాసకర్త చక్కగానే వివరించారు. అయితే కొలతల గురించి ఒక్క ముక్కయినా లేకుండా, దుకాణంలో కాసేపు కూర్చుని హాయిగా అనిపిస్తే తీసుకోమని ముగించడం మాత్రం నాకు మింగుడుపడలేదు. సరిగ్గా ఆ పద్ధతిలోనే మూడేళ్ల క్రితం ఒక కుర్చీ కొని, ఆ తరువాత తీరిగ్గా విచారించినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇంటిపట్టునే ఉండి అనువాదాలు చేసుకునేవాణ్ణి. రాతపని బల్ల దగ్గరే సాగినా, చదవడం, దిద్దడం వంటి పనులకు రోజుకు నాలుగైదు గంటలు వెనక్కు వాలి కూర్చోవలసి వస్తుంది. సాయంత్రాలు అదే కుర్చీ మా ఆవిడ చేతిలోకి వెళుతుంది. దుకాణంలో కూర్చుని చూసింది నేను ఒక్కణ్ణే, అదీ పది నిమిషాలు. కూర్చోగానే ఒళ్లంతా కుర్చీలోకి కూరుకుపోయింది, కాళ్ల కింద పలక పైకి లేచింది, నడిచి నడిచి అలసిన మనిషికి అంతకంటే ఏం కావాలి? ఆ పది నిమిషాల్లో మన శరీరం చెప్పేది మన అలసట గురించే తప్ప కుర్చీ గురించి కాదని నాకు అప్పుడు తట్టలేదు.

కుర్చీ ఇంటికి చేరిన సాయంత్రమే అసలు సంగతి బయటపడింది. నా ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, మా ఆవిడ ఎత్తు 5 అడుగులకు ఒక అంగుళం తక్కువ. ఆమె వీపును వెనక్కు ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు మీదే ఉండిపోయి, చిన్నపిల్లల కాళ్లలా ముందుకు చాచుకున్నాయి. మోకాళ్లు వంచడానికి అంచుకు జరిగితే వీపు వెనక జానెడు ఖాళీ ఏర్పడింది. కాలి చెప్పు ఒకటి బొటనవేలికి వేలాడుతూ, నేలను తాకకుండా అటూ ఇటూ ఊగడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ‘ఏమండీ, ఈ కుర్చీని మీ కాళ్లు కొలిచి చేసినట్టున్నారు’ అని ఆమె అన్న తరువాతే నేను టేపు తీశాను. సీటు లోతు 22 అంగుళాలు, నేల నుంచి సీటు ఎత్తు 20 అంగుళాలు. ఆమె నడుము వెనుక నుంచి మోకాలి మడత వరకు ఉన్నది 17 అంగుళాలు, మోకాలి మడత నుంచి మడమ వరకు 15. ఆ కుర్చీ ఎంత ఖరీదైనదైనా, ఎంత మెత్తనిదైనా, ఈ నాలుగు అంకెల మధ్య రాజీ కుదిర్చే ఉపాయం మాత్రం దానిలో లేదు. వీపు వెనక దిండు పెట్టి చూశాము. కుర్చీ వాల్చిన ప్రతిసారీ దిండు కిందికి జారి నడుము కిందకు చేరేది.

ఈ కొలతలు తీసుకోవడం పెద్ద విద్య ఏమీ కాదు. గట్టి బల్ల మీద గోడకు వీపు ఆనించి కూర్చుని, గోడ నుంచి మోకాలి మడత వరకు కొలిచి, అందులోంచి రెండు మూడు వేళ్ల మందం తీసివేస్తే మనకు తగిన సీటు లోతు వస్తుంది. ఆ రెండు మూడు వేళ్ల సందు లేకపోతే సీటు అంచు మోకాలి వెనక ఒత్తి, అరగంటలో కాళ్లు తిమ్మిరెక్కుతాయి. సీటు ఎత్తును కొలిచేటప్పుడు మనిషి కూర్చుని ఉండగా కొలవాలి. మెత్త ఒకటి రెండు అంగుళాలు అణుగుతుంది కనుక ఖాళీ కుర్చీ కొలత మోసం చేస్తుంది. ఇద్దరు వాడే కుర్చీ అయితే పొట్టివారి కొలతకే కొనడం మంచిదని నా అభిప్రాయం. పొడుగువారు పాదాల కింద పలకకు అవతల ఒక పీట వేసుకుని సర్దుకోగలరు, పొట్టివారికి సీటు లోతును తగ్గించే మార్గం లేదు.

ఇక వాలు సంగతి. దాదాపు ప్రతి ప్రకటనలోనూ ‘జీరో గ్రావిటీ’, అంటే బరువు తెలియని స్థితి, అనే మాట కనిపిస్తోంది. ఈ మాట గాలిలోంచి పుట్టినది కాదు. 1973, 74 సంవత్సరాలలో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగాములు బరువు తెలియని స్థితిలో కండరాలను పూర్తిగా వదిలేసినప్పుడు వారి శరీరం తనంతట తాను ఏ భంగిమలోకి వస్తుందో నాసా గమనించి, మొండానికీ తొడలకూ మధ్య కోణం సుమారు 128 డిగ్రీలుగా నమోదు చేసింది. మంచి పరిశీలనే. అయితే అక్కడ శరీరం గాలిలో తేలుతోంది, ఇక్కడ మన బరువంతా కుర్చీ మీద పడుతోంది. కోణం ఒక్కటే సరిపోలినంత మాత్రాన బరువు మాయం కాదు. పైగా తమ కుర్చీ ఆ భంగిమలో ఎన్ని డిగ్రీల దగ్గర ఆగుతుందో చెప్పిన ప్రకటన ఒక్కటీ నా కంటబడలేదు.

వెనక్కు వాలడం వెన్నుకు మేలు చేస్తుందనడంలో మాత్రం నిజం ఉంది. స్వీడన్‌కు చెందిన ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల నుంచి మనుషుల నడుములోని వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్లలా ఉండే డిస్కులోకి సూది పంపి, లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచారు. ఆధారం లేకుండా నిటారుగా కూర్చున్నప్పుడు ఆ ఒత్తిడి, నిలబడినప్పటి కంటే సుమారు 40 శాతం ఎక్కువని ఆయన లెక్క తేల్చారు. 1999లో జర్మనీ పరిశోధకులు మళ్లీ కొలిచినప్పుడు కూర్చోవడానికీ నిలబడడానికీ మధ్య అంత తేడా కనబడలేదు గానీ, వారు కొలిచింది ఒకే ఒక్క మనిషిలో. వీపును ఆనించి వెనక్కు వాలితే ఒత్తిడి తగ్గుతుందనే విషయంలో మాత్రం రెండు కొలతలూ ఒకే వైపు మొగ్గుతాయి. 2006లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో 22 మంది ఆరోగ్యవంతులను ఎమ్ఆర్ఐ యంత్రంలో కూర్చోబెట్టి చూసి, మొండానికీ తొడలకూ మధ్య 135 డిగ్రీల కోణం ఉన్నప్పుడు డిస్కులు అతి తక్కువగా కదిలాయని చెప్పిన అధ్యయనాన్ని కుర్చీలు అమ్మేవారు తరచుగా ఉదహరిస్తారు. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారి పాదాలు నేల మీదే ఉన్నాయన్న సంగతిని మాత్రం ఉదహరించరు. కాళ్లను గాలిలోకి లేపి ఉంచే కుర్చీకి ఆ సాక్ష్యాన్ని యథాతథంగా అతికించడం న్యాయం కాదు.

కోణం కంటే నేను ముఖ్యమని భావించేది, కుర్చీ ఆ కోణానికి చేరే దారి. మన శరీరం తుంటి కీలు దగ్గర వంగుతుంది. కుర్చీ మాత్రం తన వెనకభాగాన ఉన్న ఇనుప కీలు దగ్గర వంగుతుంది. ఈ రెండు కీళ్లూ ఒకే చోట లేకపోతే, వాలుతున్న కొద్దీ కుర్చీ వీపు మన వీపును రాసుకుంటూ పోతుంది. దీనిని పట్టుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఒకటే. చొక్కాను వదులుగా బయటికి వదిలి కూర్చుని, కుర్చీని మూడుసార్లు పూర్తిగా వాల్చి మళ్లీ నిటారుగా చేసి, లేచి నిలబడి చూసుకోవాలి. చొక్కా వెనకభాగం పైకి ఎగబాకి ఉంటే, కుర్చీ వీపులో నడుముకు ఆనవలసిన ఉబ్బు మన నడుము దగ్గర నిలవడం లేదని అర్థం. అలాగే వీపు ఒక్కటే వాలి, సీటు మాత్రం బల్లపరుపుగా ఉండిపోయే కుర్చీలలో మనిషి మెల్లమెల్లగా ముందుకు జారుతాడు. వీపు వాలినప్పుడు సీటు ముందంచు కూడా కాస్త పైకి లేస్తేనే జారుడు ఆగుతుంది. ఎక్కువసేపు కదలకుండా కూర్చునే వృద్ధుల విషయంలో ఈ జారుడు చర్మాన్ని ఒరిపిడికి గురిచేసి పుండ్లకు దారితీస్తుంది కనుక, దీనిని కేవలం సుఖానికి సంబంధించిన విషయంగా తీసిపారేయకూడదు.

నాకు నేనుగా పడిన ఇబ్బంది మెడ దగ్గర. మా కుర్చీ తలదిండు ఎంత దట్టంగా ఉందంటే, తల ఆనించగానే గడ్డం ఛాతీ వైపు వంగేది. దానికి తోడు నేను పెట్టుకునేవి ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు. వాటిలో దూరపు చూపు పైభాగాన, చదువుకునే చూపు కింది భాగాన ఉంటాయి. వెనక్కు వాలి ఎదురుగా ఉన్న తెరను చూడబోతే చూపు అద్దం కింది భాగంలోంచి వెళ్లి అంతా మసకబారుతుంది, స్పష్టత కోసం మెడను ముందుకు వంచితే అరగంటలో పట్టేస్తుంది. కళ్లద్దాల వైద్యుడు చెప్పేదాకా తప్పు టీవీదని అనుకున్నాను. కాబట్టి నలభై దాటినవారు దుకాణానికి తమ రోజువారీ కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లి, తలదిండును విడిగా సర్దుకునే వీలున్న కుర్చీని చూడడం మేలు.

ఫోమ్ గురించి ఒక అపోహ బలంగా ఉంది. సాంద్రత ఎక్కువైతే గట్టిగా ఉంటుందని అందరూ అనుకుంటారు. సాంద్రత అంటే ఘనపు మీటరులో ఎన్ని కిలోల పదార్థం ఉందన్న లెక్క. గట్టిదనం దానితో సంబంధం లేని వేరొక లక్షణం. సాంద్రత ఎక్కువైన మెత్తని ఫోమూ ఉంటుంది, తక్కువైన గట్టి ఫోమూ ఉంటుంది. దుకాణంలో వేలితో నొక్కి తెలుసుకోగలిగేది గట్టిదనం. ఎన్నాళ్లు అణగకుండా నిలుస్తుందన్నది ప్రధానంగా సాంద్రతను బట్టి ఉంటుంది, అది నొక్కితే తెలియదు, అడగాలి. రోజూ గంటల తరబడి వాడే సీటుకు 30 కిలోలకు తగ్గిన సాంద్రత వద్దని నేను చెబుతాను. తొడుగు సంగతి ఇంకా క్లుప్తం. తోలులా కనిపించే పీయూ (పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్) పూత చెమటకూ తేమకూ మెల్లగా విరిగి పొరలు పొరలుగా ఊడుతుంది, ముఖ్యంగా తలా చేతులూ ఆనే చోట. గుడ్డ తొడుగుకు ఆ బాధ లేదు.

మోటారు కావాలా, చేతి మీట చాలా అన్నది మోకాళ్లను అడిగి తేల్చుకోవలసిన ప్రశ్న. చేతి మీట కుర్చీలో కాళ్ల పలకను మూయడానికి పిక్కలతో నొక్కి కిందికి తోయాలి. ఆ బలం లేనివారికి చేతి మీట కుర్చీ నిజంగానే బోను అవుతుంది. మోటారు కుర్చీ కొనేవారు కరెంటు పోయినప్పుడు దానిని నిటారుకు తెచ్చే బ్యాటరీ ఉందో లేదో ముందే అడగాలి. కాళ్ల పలకకూ సీటుకూ మధ్య తెరుచుకునే సందులో పసిపిల్లల తలలు, పిల్లులు ఇరుక్కున్న ప్రమాదాలు ఉన్నాయి. మూసేముందు వంగి చూడడం ఇంట్లో అందరికీ అలవాటు కావాలి.

ఇంతా చెప్పి, రోజంతా అందులోనే ఉండిపొమ్మని నా ఉద్దేశం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు కూర్చుని ఉండే సమయాన్ని తగ్గించుకోమన్నాయే గానీ, ఇన్ని గంటలైతే ఫరవాలేదని ఎక్కడా హద్దు గీయలేదు. అందుకే లేవడం సులువుగా ఉండే కుర్చీయే నా దృష్టిలో మంచి కుర్చీ. చేతుల ఆసరా ముందువరకూ గట్టిగా ఉండి, పాదాలను కాస్త వెనక్కు పెట్టుకోవడానికి సీటు కింద చోటుంటే, మనిషి అరగంటకోసారి విసుక్కోకుండా లేస్తాడు.

మీతో నా మనవి ఇది. మందుల డబ్బా మీద మోతాదు, చెప్పుల మీద సైజు ఉన్నట్టుగా, మనిషి రోజూ గంటల తరబడి గడిపే కుర్చీ ప్రకటనలో సీటు లోతు, కూర్చున్నప్పటి ఎత్తు, వీపు ఎత్తు, వాలే కోణం, ఫోమ్ సాంద్రత, పూర్తిగా వాలడానికి గోడ నుంచి వదలవలసిన దూరం అనే ఆరు అంకెలను ఇవ్వమని మీ ప్రకటనల విభాగం తయారీదారులను కోరాలి. ఇంటి తలుపు వెడల్పుకు కుర్చీ పడుతుందో లేదో కూడా చెబితే మోసుకొచ్చేవారు సంతోషిస్తారు. మీ అనుబంధంలో ఇకముందు ఇటువంటి వ్యాసం వేసినప్పుడు, చివర ఆ ఆరు అంకెలతో ఒక చిన్న పట్టిక ఉంటే, పాఠకులు దానిని కత్తిరించి టేపుతో సహా జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లగలుగుతారు.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు