పెద్దల కచేరీకి ముందు పాట, తరువాతే శాలువా

సంపాదకులు గారికి,

నమస్కారాలు. వయసు పైబడిన గాయకుల కచేరీలకు డబ్బు పెట్టి వెళ్లడం దండగ అనీ, వారి పాత రికార్డులను ఇంట్లో విని తృప్తిపడటమే వారికీ మనకూ గౌరవమనీ వాదిస్తూ మీ పాఠకుల పుటలో ఇటీవల వచ్చిన లేఖను చదివాను. ఆ లేఖ రాసినవారి బాధ నాకు అర్థం కాకపోలేదు. చిన్నప్పటి నుంచి రేడియోలో విని ప్రాణంగా చూసుకున్న గొంతు కళ్లెదుట వణుకుతుంటే కుర్చీలో కూర్చోవడం ఎవరికైనా కష్టమే. అయితే ఆయన రెండు వేర్వేరు రకాల కచేరీలను ఒకే గాటన కట్టారు. శాస్త్రీయ సంగీత విద్వాంసులు తమంతట తాముగా ఒప్పుకొని చేసే కచేరీకి, వారికి ఎనభై ఏళ్లున్నా తొంభై ఏళ్లున్నా, అనంతపురం నుంచి బెంగళూరు దాకా బస్సెక్కి పోయైనా వినవలసిందేనని నేనంటాను. సినిమా పాటల సంగీత విభావరి విషయంలో మాత్రం ఆయనతో చాలావరకు ఏకీభవిస్తాను.

వయసు గొంతును ఏం చేస్తుందో దాచుకోవలసిన పని లేదు. స్వరపేటికలోని మృదులాస్థి ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. స్వరతంత్రులు పలచబడి, పాడేటప్పుడు పూర్తిగా దగ్గరకు రాక, మధ్యలో నుంచి గాలి జారిపోతుంది. ఊపిరితిత్తుల్లో పట్టే గాలి కూడా తగ్గుతుంది కనుక ఒకప్పుడు ఒక్క ఊపిరిలో పూర్తయిన సంగతి (పాట పంక్తిని మలిచి పాడే తీరు) ఇప్పుడు రెండు ముక్కలవుతుంది, తారషడ్జం, అంటే పై స్థాయి ‘స’ మీద నిలబడటం పరీక్షగా మారుతుంది. సాధారణంగా ఆడవారి గొంతు వయసుతో కిందికి దిగుతుంది, మగవారిది కొంత పైకి పోయి బలం తగ్గుతుంది. వీటికి తోడు వినికిడి మందగిస్తే పక్కనే మోగుతున్న తంబురా కూడా సరిగా అందదు. సాధన వీటిని కొంతకాలం వాయిదా వేయగలదే తప్ప రద్దు చేయలేదు.

మరి ఇవన్నీ పోయాక వినడానికి ఏం మిగులుతుందన్నదే అసలు ప్రశ్న. కర్ణాటక సంగీతంలో చాలా మిగులుతుంది. కృతి అందరికీ తెలిసిందే అయినా, రాగాలాపన, నెరవు (సాహిత్యంలోని ఒక పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడటం), స్వరకల్పన మాత్రం ఆ పూట వేదిక మీద పుట్టేవే. మనోధర్మమని విద్వాంసులు పిలిచే ఈ భాగానికి గొంతు ఒక పనిముట్టు మాత్రమే. ఏ స్వరం దగ్గర ఆగాలో, ఏ ప్రయోగాన్ని తాకీ తాకకుండా వదిలేయాలో, సాహిత్యంలో ఏ మాట మీద నెరవు ఎత్తుకుంటే అర్థం విరగదో తేల్చుకునేది బుద్ధి. ఆ బుద్ధి అరవై ఏళ్ల పాటు రోజూ పదునెక్కుతూ వచ్చింది. సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ సంగతే చూడండి. గొంతు సహజంగా మాట వినేది కాదని ఆయనను ఇష్టపడే వారే చెప్పుకునేవారు, అయినా 1947లో, నలభై ఏళ్లు నిండకముందే, ఆయన మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు పొందారు. తొంభై దాటాక కూడా పాడారు, జనం వెళ్లి విన్నారు. యవ్వనంలోనే గొంతు మీద ఆధారపడని విద్వాంసుడి నుంచి ముసలితనం తీసుకుపోగలిగింది తక్కువే. దీనికి పూర్తిగా ఎదురుకొసన, గొంతే ఐశ్వర్యంగా పుట్టిన మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు కూడా ఎనభై దాటాక వేదికలు ఎక్కారు. ఇద్దరి దారులూ వేరు, ఇద్దరినీ వెళ్లి విన్నవారికి దక్కిందీ వేరు.

సినిమా పాట విషయం ఇలాంటిది కాదు. ఆ పాట ఒక రోజు, ఒక స్టూడియోలో, ఒక గొంతుతో స్థిరపడిపోయింది, మన చెవి దానిని అక్షరం తేడా లేకుండా దాచుకుంది. ఏ చరణంలో ఎక్కడ ఊపిరి తీసుకున్నారో కూడా మనకు తెలుసు. కనుక అదే గాయని అదే పాటను యాభై ఏళ్ల తరువాత పాడినప్పుడు మనం పాటను వినం, తేడాను వింటాం. పాటను మార్చి పాడితే మోసమంటాం, మార్చకుండా పాడితే గొంతు పోయిందంటాం. ఆమె ఎలా పాడినా మనకు తృప్తి లేదు. పైగా ఈ మధ్య విభావరుల్లో సగం వాద్యాలు ముందే రికార్డు చేసిన ట్రాక్ మీదే నడుస్తున్నాయి. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు, వయసు మళ్లిన వారికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వదు, శ్రుతి తగ్గించమంటే ముందురోజే చెప్పాలంటుంది. చేతిలో హార్మోనియమో వయొలినో ఉన్న మనిషి పక్కనుంటే గాయకుడి ముఖం చూసి అర క్షణం ఆగుతాడు. నేను చూసిన విభావరుల్లో ఇబ్బంది పెట్టిన వాటిలో ఎక్కువ భాగం గొంతు వల్ల కాక ఈ కనికరం లేని ట్రాక్ వల్ల చెడినవే. దీనికి మినహాయింపులు లేవనను. ఆశా భోస్లే 2023లో తన తొంభయ్యో పుట్టినరోజు నాడు దుబాయి వేదిక మీద పాడారంటే, అక్కడికి వెళ్లిన వారు గొంతును తూచడానికి వెళ్లి ఉంటారని నేను అనుకోను.

రికార్డే చాలునన్న మిత్రునికి ఘంటసాల గారి సంగతి గుర్తుచేయాలని ఉంది. ఆయన 1974లో, యాభై ఒక్క ఏళ్లకే వెళ్లిపోయారు, అందుకే ముసలి ఘంటసాల అనే వాడు మనకు లేడు. కానీ చివరి సంవత్సరాల్లో ఆయన రికార్డు చేసిన భగవద్గీతలోని గొంతు 1950లలోని గొంతు కాదు. బరువెక్కింది, మెరుపు తగ్గింది. తెలుగునాట ఎన్ని గుళ్లలో, ఎన్ని మరణాల ఇళ్లలో ఆ గొంతే మోగుతున్నదో లెక్క లేదు, అది అలసిన గొంతని ఎవరైనా ఫిర్యాదు చేయగా నేను వినలేదు. ఆ శ్లోకాలకు ఆ గొంతే తగిందని అందరికీ తోచింది. తగిన సాహిత్యం దొరికితే మన చెవి వయసును క్షమించడం కాదు, దానినే కోరుకుంటుంది.

కొన్నేళ్ల కిందట, చామరాజపేటలో 1939 నుంచి జరుగుతున్న శ్రీరామసేవా మండలి రామనవమి ఉత్సవాల కోసం బెంగళూరు వెళ్లినప్పుడు, ఎనభై దాటిన ఒక విద్వాంసుని కచేరీ విన్నాను. పేరు రాయను, ఎందుకంటే మొదటి అరగంట ఏమీ బాగుండలేదు. కచేరీ మొదట్లో పాడే వర్ణం కుంటింది, రెండు కృతులు శిష్యుడే ఒడ్డున పడేశాడు, నా వెనుక వరుసలో కొందరు లేచిపోయారు. తరువాత ఆయన ముఖారి రాగం ఎత్తుకున్నారు. మధ్యస్థాయి దాటి పైకి పోలేదు, పోవడానికి ప్రయత్నించనూ లేదు. ఆ నాలుగైదు స్వరాల మధ్యనే తిరుగుతూ, ప్రతి విరామంలోనూ వయొలిన్ విద్వాంసునికి చోటిస్తూ, కుర్రవాళ్లు నలభై నిమిషాలు పాడినా తేలని రాగాన్ని పన్నెండు నిమిషాల్లో నిలబెట్టారు. ఎక్కడా ఒక్క స్వరం అదనంగా లేదు. పొదుపు అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది, ఆ పొదుపు ఆయన రికార్డుల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే ఆ రికార్డుల నాటికి ఆయనకు దాని అవసరం రాలేదు. లేచిపోయినవారు దాన్ని పోగొట్టుకున్నారు. అయితే ఆ మొదటి అరగంట నాకూ భారంగానే గడిచింది, ఆ మాట దాచి ఈ లేఖ రాయడం న్యాయం కాదు.

శిష్యుడే అంతా పాడేస్తున్నాడని, పెద్దాయన పేరు చూసి టికెట్టు కొన్నవారిని ఇది మోసగించడమేనని కూడా ఆ లేఖలో ఉంది. గురువు వెనుక కూర్చొని శిష్యుడు గాత్ర సహకారం ఇవ్వడం కొత్తగా వచ్చిన పద్ధతి కాదు, శిష్యులు నేర్చుకునేదే అలా. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకైతే ఇంతకన్నా మంచి పాఠం లేదు: పై పంచమం దగ్గర గురువు చేయి ఊపి వదిలేస్తారు, శిష్యుడు అందుకుంటాడు, అది గురువు అనుకున్నంత నెమ్మదిగా రాకపోతే ఆయన తల తిప్పి చూస్తారు. ఆ చూపు ఏ రికార్డులోనూ దొరకదు. మా ఊళ్లో సంగీతం నేర్పే టీచర్లు పిల్లలను పోటీలకు తీసుకుపోయినంత శ్రద్ధగా ఇలాంటి కచేరీలకు తీసుకుపోవడం లేదన్నది నా ఫిర్యాదు.

నిజానికి మన సీమ జనానికి ఈ విషయం ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. సురభి నాటకాలు 1885లో పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలో. ప్రసిద్ధ రంగస్థల నటుడు బళ్లారి రాఘవ పుట్టింది మా తాడిపత్రిలో. పద్యనాటకాన్ని ఇంతగా నెత్తిన పెట్టుకున్న ప్రాంతంలో, తిరునాళ్లలో అరవై ఐదేళ్ల కృష్ణుడు రాయబారం పద్యం ఎత్తుకుంటే రాగం పూర్వంలా సాగడం లేదని ఎవరూ లేచిపోరు. పద్యంలో మాట ఎంత స్పష్టంగా విరిచాడో చూస్తారు, నచ్చితే వన్స్ మోర్ అంటారు, మైకులో పేరు చెప్పించి చదివింపులు ఇస్తారు. కిరీటం కింద నెరిసిన జుట్టు వారికి కనిపించక కాదు. తిరునాళ్లలో ఇంత పెద్దమనసున్న మనమే పట్నం హాలులో టికెట్టు కొనగానే తక్కెడ పట్టుకొని కూర్చుంటున్నాం.

ఎప్పుడు ఆపాలన్న నిర్ణయం మాత్రం పాడేవారిదే. భర్త సదాశివం గారు 1997లో మరణించాక ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు కచేరీలు మానేశారు. ఎస్. జానకి గారు ఇక పాడనని 2016లో చెప్పి, 2017 అక్టోబరులో మైసూరులో చేసిన కచేరీతో వేదికకు సెలవు చెప్పారు. సితార్ విద్వాంసుడు పండిత రవిశంకర్ 2012 నవంబరులో, తొంభై రెండేళ్ల వయసులో, కూతురు అనౌష్కతో కలిసి కాలిఫోర్నియాలో చివరి కచేరీ వాయించారు, మరుసటి నెలలోనే కన్నుమూశారు. ముగ్గురూ మూడు రకాలుగా తేల్చుకున్నారు, మూడూ గౌరవమైనవే. గౌరవం లేనిది మరొకటి ఉంది: జ్ఞాపకం సన్నగిల్లి, తాను ఎక్కడున్నదీ సరిగా తెలియని స్థితిలో ఉన్న పెద్దలను నిర్వాహకులో బంధువులో వేదిక మీదికి నడిపించి, ఒక పల్లవి అనిపించి, టికెట్లు అమ్ముకోవడం. అలాంటి చోటికి వెళ్లకపోవడమే మనం చేయగలిగిన మర్యాద.

డబ్బు సంగతి కూడా క్లుప్తంగా. గాయకులకు రాయల్టీ హక్కు మన చట్టంలోకి 2012 సవరణతోనే వచ్చింది. అంతకు ముందు దశాబ్దాల పాటు పాడినవారిలో చాలామందికి పాటకు ఒకసారి ఇచ్చిన సొమ్మే సొమ్ము. శాస్త్రీయ విద్వాంసులకు, నాటక కళాకారులకు ఆ ఆధారం కూడా తక్కువే, కచేరీయే వారి జీతం. పాడాలనుకుంటున్న వారిని పాడవద్దని సలహా ఇచ్చేముందు ఇది కాస్త ఆలోచించాలి.

ఇక నిర్వాహకుల గురించి. పెద్ద వయసు విద్వాంసుని కచేరీ చెడిపోవడంలో గొంతు వాటా కన్నా నిర్వహణ వాటాయే పెద్దదని నేను చాలాసార్లు గమనించాను. ఆరు గంటలకని కరపత్రంలో వేస్తారు. ముఖ్య అతిథి ఏడుకు వస్తారు. జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, దాతల పేర్లు, ఒకరి తరువాత ఒకరుగా శాలువాలు, జ్ఞాపిక పట్టుకొని ఫొటోలు. పెద్దాయన ఈ గంటన్నరా నిటారుగా కూర్చొని, వచ్చిన ప్రతివారికీ నమస్కారం పెట్టి, ఇద్దరు ముగ్గురితో బిగ్గరగా మాట్లాడి, ఉన్న కాస్త ఊపిరినీ అక్కడే ఖర్చు చేసి, ఎనిమిదిన్నరకు శ్రుతి చూసుకుంటారు. ఆ తరువాత గొంతు లేవలేదని మనం గుసగుసలాడుతాం. మే నెలలో మా అనంతపురం ఎండకు ఆ శాలువాలు కప్పడం వేరే శిక్ష. సన్మానం చేయదలిస్తే కచేరీ అయ్యాక చేయండి, లేదా మరుసటి రోజు వారు దిగిన చోటికే వెళ్లి చేయండి. శ్రుతి ఎంతో వారం ముందే అడిగి తెలుసుకుంటే తగ్గు శ్రుతి మృదంగం సమకూర్చుకోవడానికి పక్కవాద్యం వారికి వీలుంటుంది. కాలేజీ మైదానంలో పందిరి వేసి వేలమందిని కూర్చోబెట్టడం కన్నా లలితకళా పరిషత్తు లాంటి చోట కొన్ని వందల మందికి, గంటన్నర కచేరీ పెడితే పాడేవారికీ వినేవారికీ సుఖం. మెట్లకు పట్టుకోవడానికి ఒక కడ్డీ, గాయకునికి తన గొంతు తనకు వినిపించేలా ఎదురుగా ఒక స్పీకరు ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చు కాదు. ఎంతసేపు పాడతారో, గాత్ర సహకారం ఎవరిదో, ట్రాక్ వాడుతున్నారో లేదో టికెట్టు మీదే వేస్తే, కొన్న తరువాత మోసపోయామన్న మాట రాదు.

చివరగా తమరికి కూడా ఒక విన్నపం. మన పత్రికల్లో కచేరీ వార్త ఏదైనా సరే శ్రోతలను మంత్రముగ్ధులను చేసింది అనో, సంగీత సాగరంలో ఓలలాడించింది అనో ముగుస్తుంది, సగం చోటు అతిథుల పేర్లకే పోతుంది. అది చదివి వెళ్లినవారు వణికే గొంతు విని నిరాశ పడటంలో వింత లేదు. ఏ రాగం పాడారు, ఎంతసేపు పాడారు, ఎక్కడ తడబడ్డారు, ఎక్కడ నిలబెట్టారు అని సంగీతం తెలిసిన వారి చేత నాలుగు వాక్యాలు రాయించి వేస్తే, తరువాతి కచేరీకి వెళ్లాలో వద్దో పాఠకులే తేల్చుకోగలరు. మన సీమ జిల్లాల్లో అలా రాయగలిగిన సంగీత అధ్యాపకులు ఉన్నారు. ఇంతవరకు వారిని అడిగినవారే లేరు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
సాయినగర్, అనంతపురం.