కలెక్టర్ గారూ, కాలువ జవాబు కాలువ పోస్టు కిందే పడాలి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

సోమవారం గ్రీవెన్సుకు రాలేనివాళ్లు ఎక్స్‌లో (పాత ట్విటర్‌లో) రాసే ఫిర్యాదులకు ప్రోగ్రాంతో జవాబులిప్పించే పని ఎవరికైనా అప్పగిస్తే, ఒప్పందంలోనే ఈ సంగతులు రాయించమని మనవి.

ముఖ్యమైంది పోస్టు ఐడీ, అంటే ప్రతి పోస్టుకూ ఎక్స్ ఇచ్చే నంబరు. వేదాయపాళెంలో వీధిదీపాలు వెలగడం లేదని ఒకరు పోస్టు పెడతారు. దాని కిందే మైపాడు గేటు మనిషి మురుగు కాలువ గురించి రాస్తాడు. ఇద్దరికీ కాన్వర్జేషన్ ఐడీ (ఆ సంభాషణ మొత్తానికి ఉండే నంబరు) ఒకటే, అది మొదటి పోస్టుది. ప్రోగ్రాం దాన్ని పట్టుకుంటే కాలువ జవాబు దీపాలాయన కింద పడుతుంది. పంపే అభ్యర్థనలో 'ఇన్ రిప్లై టు ట్వీట్ ఐడీ' దగ్గర కాలువ పోస్టు సొంత ఐడీనే ఉండాలి.

ఆ ఐడీకి 19 అంకెలు. ఆఫీసు లెక్కలన్నీ చివరికి ఎక్సెల్‌లోకే చేరతాయి గదా! ఎక్సెల్ 15 అంకెలే నిలబెట్టుకుని మిగతా నాలుగూ సున్నాలు చేస్తుంది. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సంఖ్యగా చదివినా చివరి అంకెలు మారిపోతాయి. ఆ తర్వాత ఎంత వెతికినా అసలు పోస్టు దొరకదు. మొదటినుంచీ టెక్స్ట్‌గానే దాచాలి.

ప్రోగ్రాం ఎక్స్‌లోకి వెళ్లడానికి టోకెన్ అనే తాళంచెవి లాంటిది కావాలి. పోస్టులు చదవడానికి సరిపోయే బేరర్ టోకెన్‌తో జవాబు రాయబోతే 403 (అనుమతి లేదనే ఎర్రర్ నంబరు) వస్తుంది. ఖాతా తరఫున రాయడానికి ఓఆత్ అనే పద్ధతిలో ఖాతాదారు ఇచ్చే అనుమతి కావాలి. ఓఆత్ 2.0 టోకెన్ గడువు రెండు గంటలు. 'ఆఫ్‌లైన్ యాక్సెస్' అనుమతి కూడా అడిగి, కొత్త టోకెన్ తెచ్చిపెట్టే రిఫ్రెష్ టోకెన్ తీసుకోకపోతే పదింటికి మొదలైన పని పన్నెండుకు ఆగుతుంది.

అదే 403 ఇంకో రెండు కారణాలకూ వస్తుంది: పోస్టు పెట్టినవారు జవాబులకు పరిమితి పెట్టుకున్నా, ఒకే వాక్యాన్ని పదేపదే పంపినా. కాబట్టి అంకెతో పాటు వచ్చిన సందేశమూ లాగ్‌లో (ప్రోగ్రాం రాసుకునే చిట్టాలో) ఉండాలి. 'మీ ఫిర్యాదు సంబంధిత అధికారికి పంపాం' అని అందరికీ ఒకటే అతికించే బదులు ఫిర్యాదు నంబరు, శాఖ పేరు చేరిస్తే అడ్డూ తొలగుతుంది, జనానికీ పనికొస్తుంది.

మామూలు ఖాతాకు జవాబు హద్దు 280 అక్షరాలు. తెలుగులో గుణింతం, వత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. 'నెల్లూరు' కంటికి మూడక్షరాలు, లెక్కలో ఎనిమిది.

నెట్ తెగి సమాధానం రాకపోయినా జవాబు వెళ్లిపోయి ఉండొచ్చు. గుడ్డిగా మళ్లీ పంపితే రెండు పడొచ్చు, ముందు చూసుకోవాలి. మన ఖాతాను ట్యాగ్ చేయనివారి జోలికి ప్రోగ్రాం అసలు పోకూడదు.

బిల్లు పాస్ చేసేముందు మీ సిబ్బందితో ఒక పోస్టు, దాని కింద వేరే ఫిర్యాదు పెట్టించి, ఏ జవాబు ఎక్కడ పడిందో మీరే ఫోన్‌లో చూడండి.

ఇట్లు,
నెల్లూరు సాఫ్ట్‌వేర్ పనివాళ్లు కొందరు