ఆ రెండున్నర వేల గురించి

కావలి,
ఆదివారం రాత్రి.

చిన్నమ్మా,

మొన్న నువ్వు ఫోన్లో రెండున్నర వేలు అడిగితే "సరేలే, చూద్దాం" అని పెట్టేశాను. అప్పటినుంచీ మనసు మనసులో లేదు. డబ్బు లేక కాదమ్మా. ఈ నెల షాపుకి పెళ్ళి కార్డుల, స్కూళ్ళ ప్రశ్నపత్రాల పని బాగానే వచ్చింది. నువ్వడిగింది హాస్టలుకో పుస్తకాలకో అయితే ఆ నిమిషమే ఫోన్‌పే చేసేవాణ్ణి. నీ కథ సంకలనంలో వేసి, సభలో శాలువా కప్పి, మెమెంటో, ప్రశంసాపత్రం ఇవ్వడానికి కట్టమన్నారన్నావే, అక్కడ ఆగిపోయాను. ఎందుకు ఆగానో ఫోన్లో చెప్తే నీకు నా కోపమే వినపడుతుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఇట్లాంటి సంకలనమే ఒకటి మన షాపులో కంపోజ్ చేశాను. ఎవరిదో, ఏ ఊరి వాళ్ళదో ఇప్పుడొద్దు. నూట ఎనభై మంది కవులు, మనిషికి ఒక పేజీ. పైన ఫోటో, పేరు, ఫోన్ నంబరు, కింద పదహారు లైన్లు. వాట్సాప్‌లో వచ్చినవి వచ్చినట్టు పేజ్‌మేకర్‌లో పోసుకుంటూ పోయాను. ఫోన్లో రాసే యూనికోడ్ నుంచి అచ్చుకు వాడే అను ఫాంటుకి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతుంటాయి, నువ్వూ చూశావు కదా. ప్రూఫులు తీసిపెట్టి ఫోన్ చేస్తే, "అవన్నీ అక్కర్లేదండీ, సభ డేటు దగ్గరికొచ్చింది, ప్రింటింగుకి పంపెయ్యండి" అన్నారు. నేనే రెండు రాత్రులు కూర్చుని దిద్దాను. అయినా కొన్ని తప్పులు ఉండిపోయాయి.

సభ అయిన వారానికి అల్లూరు వైపు నుంచి ఒక పెద్దాయన షాపుకొచ్చాడు. రిటైరైన పోస్ట్‌మాన్. సంచిలోంచి పుస్తకం తీసి తన పేజీ చూపించాడు. "కన్నతల్లి" అన్న మాటలో వత్తులు రెండూ పోయి "కనతలి" అని పడింది. వాళ్ళమ్మ పోయాక రాసుకున్న కవిత అది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "దీన్ని పెన్నుతో దిద్దుకోవచ్చా నాయనా" అని అడిగాడు. బల్ల మీదున్న నల్ల పెన్ను తీసుకుని నావత్తు, లావత్తు పెట్టుకుని, ఆరేదాకా నోటితో ఊది, పుస్తకం సంచిలో పెట్టుకుని బస్సుకి పోయాడు. ఆయన దానికి కట్టింది రెండు వేలు. ఆ రోజు నుంచి అట్లాంటి పని నేను ఒప్పుకోలేదు.

ఆ నూట ఎనభై మందివీ వాళ్ళు చదివి వేసినవి కావు. కట్టినవాళ్ళందరివీ వేశారు. నీ విషయంలోనూ అంతే. కథ మెయిల్ చేసిన పావుగంటకే "మీ రచన ఎంపికైంది" అని మెసేజ్ వచ్చిందన్నావు. నీది రెండు వేల మూడొందల పదాల కథ. పావుగంటలో దాన్ని తెరిచి, చదివి, మిగతావాటితో పోల్చి ఎంపిక చేసేవాళ్ళెవరుంటారో నువ్వే ఆలోచించు.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పని నేననడం లేదు. తెలుగులో చాలామంది తమ మొదటి పుస్తకం అట్లాగే వేసుకున్నారు. నా షాపు బతికిందీ వాళ్ళ వల్లే. వాళ్ళు పది కథలు పత్రికల్లో వచ్చాక, నలుగురు చదివి బాగుందన్నాక, ప్రూఫులు మూడుసార్లు చూసుకుని వేసుకుంటారు. నీకు అలాంటి రోజు వస్తే కాగితం ఖర్చు, కవర్ పేజీ అన్నీ నావే.

ఇక నీ కథ సంగతి. నిన్న రాత్రి షట్టరు వేసేశాక మళ్ళీ చదివాను. రొయ్యల గుంట కాడ కాపలా ఉన్న మామయ్య కరెంటు పోతే ఉలిక్కిపడి లేస్తాడని రాశావు. చీకటైనందుకు కాదు, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల చప్పుడు ఆగినందుకు. ఆ చప్పుడులోనే నిద్రపోయే మనిషి అది ఆగితే లేస్తాడు. ఆ వెంటనే జనరేటర్ దగ్గరికి పరుగు, తాడు లాగడం, అంటుకోకపోవడం, టార్చి వేస్తే నీళ్ళ పైకి తేలి మూతులు పెడుతున్న రొయ్యలు. నేను ఇన్నేళ్ళలో ఎన్నో కథలు కంపోజ్ చేశాను. ఆ పేరా దగ్గర చెయ్యి ఆపి రెండోసారి చదివాను. ఇది గుంట మీద పడుకున్నవాళ్ళకే తెలిసే సంగతి. సెలవుల్లో నువ్వు అక్కడ పడుకున్నావు గనక నీకు తెలిసింది. ఇది శాలువా కోసం ఇచ్చేసే కథ కాదు.

దీన్ని పోటీకి పంపు. ఉగాదికి, దీపావళికి, సంక్రాంతికి ముందు పత్రికలు కథల పోటీలు పెడుతుంటాయి. ప్రకటన పండక్కి రెండు మూడు నెలల ముందే వస్తుంది, పండగ దగ్గరపడ్డాక చూసుకుంటే గడువు దాటిపోయి ఉంటుంది. మన నెల్లూరు నుంచి వచ్చే విశాలాక్షి మాసపత్రిక కూడా చూస్తూ ఉండు. పోటీ ప్రకటనలో చివరి లైను ఒకటుంటుంది: బహుమతి రాని కథల్లో బాగున్నవి సాధారణ ప్రచురణకు తీసుకుంటామని. చాలామంది దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం అదే ముఖ్యం. ఎవరో ఒక సంపాదకుడు మొత్తం చదివి, వేద్దామనుకున్నాడంటే అది నీకు పెద్ద సంగతి. పోటీ లేని రోజుల్లో ఆదివారం అనుబంధాలకు పంపొచ్చు గానీ, వాటిలో చోటు తక్కువ. నీ కథ పొడుగు వాళ్ళకు సరిపోదు. దానికోసమని కథను కోసెయ్యొద్దు, దానికి తగ్గ చోటు వెతుకుదాం.

పంపేటప్పుడు నిబంధనలు రెండుసార్లు చదువు. కథ పేజీల మీద ఎక్కడా నీ పేరు ఉండకూడదు. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు వేరే కాగితం మీద. ఫైలు పేరులో కూడా నీ పేరు పెట్టకు. హామీపత్రం తప్పనిసరి: ఇది నా సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు అని. ఆ చివరి రెండు మాటలూ నిజంగా నిజం అయుండాలి. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను కూడా చాలా పోటీలవాళ్ళు ప్రచురితం కిందే లెక్కేస్తారు, అందుకని నీ స్నేహితులు ఎంత అడిగినా దీన్ని పోస్టు చెయ్యకు. ఒకే కథను ఒకేసారి రెండు చోట్లకు పంపకు. ఒక నోట్‌బుక్కులో తేదీ, కథ పేరు, ఎక్కడికి పంపావో రాసుకుంటూ ఉండు. నీకన్నా చిన్నవాడిగా ఉన్నప్పుడు నేనొక కథ రాసి, చేతిరాత ప్రతి ఒక్కటే ఉంటే దాన్నే పోస్టులో పంపాను. జవాబు రాలేదు, కథా రాలేదు. అందులో మీ నాయనమ్మ చెప్పిన మాటలుండేవి. ఆ మాటలు ఇప్పుడు ఎంత గుర్తుచేసుకున్నా సగమే వస్తాయి.

పెద్ద సంగతులు కూడా తెలుసుకో, ఇప్పుడే కాకపోయినా. 35 ఏళ్ళ లోపు వాళ్ళకి కేంద్ర సాహిత్య అకాడెమీ 2011 నుంచి ప్రతి ఏడాదీ ఒక్కో భాషలో ఒక పుస్తకానికి యువ పురస్కారం ఇస్తోంది, 50,000 రూపాయలు. 2022లో తెలుగులో వచ్చింది పల్లిపట్టు నాగరాజు కవిత్వానికి. పుస్తకం పేరు "యాలై పూడ్సింది". చూడు, ఇంట్లో మాట్లాడుకునే మాటే అట్ట మీద పెట్టుకున్నాడు. 30 లోపు వాళ్ళకు ఇంకొకటుంది, పీఎం యువ అని. 2021లో మొదలైంది, నేషనల్ బుక్ ట్రస్ట్ నడుపుతుంది. వాళ్ళిచ్చిన అంశం మీద పుస్తకం ప్రణాళిక పంపాలి. ఎంపికైతే ఆరు నెలల పాటు పెద్దవాళ్ళు పక్కనుండి రాయిస్తారు, నెలకు 50,000 ఇస్తారు, పుస్తకం వాళ్ళే వేస్తారు. మొదటిసారి దేశం మొత్తం మీద 75 మందిని తీసుకున్నారు. చూశావా, రాసేవాళ్ళకు వాళ్ళే డబ్బు ఇస్తున్నారు.

అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానా పెట్టే నవలల పోటీ గురించి నీకు చెప్పే ఉంటాను. 2019లో ఆ బహుమతి సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి "కొండపొలం"కి వచ్చింది. నీళ్ళు లేని కాలంలో గొర్రెల్ని తోలుకుని నల్లమలలోకి పోయేవాళ్ళ కథ. ఆ అడవి మన పక్క మార్కాపురం, గిద్దలూరు వైపుకీ వస్తుంది. మనవైపు కూడా అట్లా గొర్రెల్ని తోలుకుపోయినవాళ్ళున్నారు.

జాతీయ యువజనోత్సవం జనవరి 12కి, వివేకానందుడి జయంతికి జరుగుతుంది. దానికి ముందు జిల్లా స్థాయిలో ఎంపికలు పెడతారు, 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళకు. ఈమధ్య కథారచన, కవిత్వం కూడా పెడుతున్నారు. కాలేజీ నోటీసు బోర్డు చూడు. అక్కడికక్కడ కూర్చుని రాయాలి, నీకు టెన్షన్ అవుతుందని తెలుసు, అయినా ఒకసారి వెళ్ళు. ఎనిమిదో తరగతిలో గ్రంథాలయ వారోత్సవాల వ్యాసరచనలో ఇట్లాగే వణుక్కుంటూ కూర్చుని రాసి పెన్సిల్ బాక్సు తెచ్చుకున్నావు. ఆ వారోత్సవాలు ఇప్పటికీ నవంబరు 14 నుంచి 20 దాకా జరుగుతాయి. ఈసారి నీ తమ్ముణ్ణి పంపించాలి, వాడికి నువ్వే రొంత నేర్పించు.

నెల్లూరులో ఉన్నావు, అక్కడి టౌన్‌హాల్లో, వర్ధమాన సమాజంలో పుస్తకావిష్కరణో సాహిత్య సభో ఉంటే పోయి వెనక కుర్చీలో కూర్చో. ఉగాదికి కవి సమ్మేళనాలుంటాయి, ఆగస్టు 29కి గిడుగు జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఉపన్యాసాలు కొన్ని పొడుగ్గా సాగుతాయి, ఓపిక పట్టు. సభ అయిపోయాక టీ తాగేటప్పుడు మాట్లాడుకునేది వినాలి. ఫలానా పత్రిక కథలు అడుగుతోందనీ, ఫలానా పోటీకి గడువు పెంచారనీ అక్కడే తెలుస్తుంది. కొత్త సంవత్సరం మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది, ఈసారి మనిద్దరం పోదాం.

ఇంకో సంగతి, మీ నాయనమ్మది. తొంభైల మొదట్లో ఆమె రాత్రిబడికి పోయి చదువు నేర్చుకుంది. వాచకంలో ఒక పాఠం, ఆడవాళ్ళందరూ కలిసి ఊళ్ళో సారా దుకాణం మూయించిన కథ. ఆ పాఠం చదివే మన జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. అక్కడ లేచిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. నాయనమ్మకు ఆ కథ ఇప్పటికీ వచ్చు. రాసిన మనిషి పేరు అడిగితే "పేరేందో ఎవురికి తెలుసు, కత మాత్రం మనదే" అంటుంది. సెలవులకొచ్చినప్పుడు ఆమె దగ్గర కూర్చుని ఆ రోజుల సంగతులన్నీ ఫోన్లో రికార్డు చేసుకో. ఆమెకి ఈ మధ్య వినికిడి తగ్గింది, ఆలస్యం చెయ్యకు.

పాత కథలు చదవడానికి కథానిలయం వాళ్ళ వెబ్‌సైటు ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన లైబ్రరీ అది, వేల కథలు ఊరికే చదువుకోవచ్చు. మన కావలి పిల్లవాడి అల్లరిని, ఇళ్ళల్లో మాటల్ని ఉన్నదున్నట్టు రాసిన ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు" షాపులో నా డ్రాయరులో ఉంది, ఈసారి తీసుకుపో. వేటపాలెం సారస్వత నికేతనం కూడా నీకు చూపించాలి, 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలు కట్టలు కట్టలుగా దాచిపెట్టారు. చీరాల దగ్గరే. ఒక పొద్దున బయల్దేరితే సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం.

ఆ సంకలనం వాళ్ళకు నువ్వే మెసేజ్ పెట్టు: నా కథ ఉపసంహరించుకుంటున్నాను అని. రెండే లైన్లు, మర్యాదగా. జవాబు వచ్చేదాకా వేరేచోటికి పంపొద్దు. ఆ రెండున్నర వేలు పక్కన పెట్టాను, విజయవాడలో పుస్తకాలకి.

నీ కథ మొత్తం యూనికోడ్‌లో కొట్టేశాను. ప్రూఫు ఈ కవర్లోనే పెట్టాను, అమ్మ పంపిన సున్నుండల డబ్బా కింద ఉంటుంది, నూనె మరకలు కాకుండా ముందు అది తీసుకో. మొదటి రెండు పేజీల్లో "గెనెం" అని రాశావు, మూడో పేజీకొచ్చేసరికి "గట్టు" అయింది. మామయ్య నోట్లో అయితే నాకు గెనెమే వినపడుతోంది. అయినా కథ నీది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. గెనెం చెయ్యమంటావా, అట్లాగే ఉంచమంటావా? నువ్వు చెప్పేదాకా ఆ పేజీ ప్రింటు తియ్యను.

మీ నాన్న