వాన పడిన మర్నాడు బంకుల్లో నీటి పరీక్ష మా ఎదుట జరగాలి

సంపాదకుల వారికి,

మొన్నటి భారీ వానల తర్వాత ఒక ఉదయం మా ప్రాంతంలోని ఒక బంకులో నా మోటార్ సైకిల్‌కు 4 లీటర్ల పెట్రోలు పోయించుకున్నాను. 2003లో కొన్న బండి. రెండు కిలోమీటర్లు వెళ్లిందో లేదో, కుదుపులు పడి ఆగిపోయింది. ఎంత కిక్ కొట్టినా అందుకోలేదు. తోసుకుంటూ షాపుకు తీసుకెళితే, మెకానిక్ కార్బురేటర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేశాడు. అందులోదీ, ట్యాంకు అడుగుదీ కొంత గాజు సీసాలోకి పట్టాడు. ఐదు నిమిషాల్లో గీత గీసినట్టు రెండు పొరలు తేలాయి. పైన పసుపుపచ్చ పెట్రోలు, కింద రెండు వేళ్ల మందాన మసకగా నీళ్లు, అట్టడుగున తుప్పు రజను.

బంకులో అడిగితే "మీది పాత బండి, మూతలోంచి వాన నీళ్లు దిగి ఉంటాయి" అన్నారు. అలా జరిగే మాట నిజమే. మూత చుట్టూ పడిన నీరు బయటకు పోవడానికి చాలా బళ్లకు చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడుకుపోతే నీరు అక్కడే నిలిచి, బిరుసెక్కిన రబ్బరు వాషరు సందుల్లోంచి లోపలికి దిగుతుంది. నా బండిది మెకానిక్ నా ముందే చూశాడు. రంధ్రం శుభ్రంగా ఉంది, వాషరు మార్చి ఏడాది కాలేదు. పైగా అదే పూట అదే బంకులో పోయించుకున్న బళ్లు మరో రెండు ఆ షాపుకు వచ్చాయి. ఒకటి ఈ ఏడాదే కొన్న స్కూటరు. రెండోది తాపీ పనికి వెళ్లే ఒకాయనది. ఆ రోజు కూలి పోయిందని ఆయన అరుగు మీద అలాగే కూర్చుండిపోయారు.

ఇప్పుడు మనకు పోస్తున్న పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. కొద్దిపాటి నీరు చేరితే ఇథనాల్ తనలో కలిపేసుకుంటుంది, కంటికి తేడా కనబడదు. హద్దు దాటగానే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పూర్వం బంకు నేల ట్యాంకులోకి వాన నీరు చేరితే అడుగున నీరుగానే ఉండేది. కొలబద్దకు పేస్టు రాసి ముంచితే రంగు మారి తెలిసిపోయేది. ఇథనాల్ కలిసిన నీటిని పట్టుకోవాలంటే అందుకోసమే తయారుచేసిన పేస్టు వాడాలి. బంకులో మనం అడిగి చేయించుకునే ఫిల్టర్ కాగితం పరీక్ష కల్తీ మరకను చూపుతుందే తప్ప, ట్యాంకు అడుగున నీరుందో లేదో చెప్పదు.

అందుకే పౌర సరఫరాల శాఖ అధికారులను కోరుతున్నాను. గట్టి వాన కురిసిన మర్నాడు అమ్మకం మొదలుపెట్టక ముందే ప్రతి ట్యాంకునూ సరైన పేస్టుతో పరీక్షించి, ఫలితాన్ని సమయంతో సహా బోర్డు మీద రాయించండి. అడిగిన వినియోగదారుడి ఎదుట మళ్లీ చేసి చూపాలి. పల్లపు స్థలాల్లో ఉన్న బంకుల మీద ముందు దృష్టి పెట్టాలి. ట్యాంకరు దించుతున్నప్పుడు అడుగున ఉన్నదంతా కలగబడుతుంది కాబట్టి, అది తేరుకునే దాకా ఆ ట్యాంకు నుంచి అమ్మకం ఆపించాలి.

పాత బండి ఉన్న తోటి పాఠకులకు ఒక మాట. ఇలా ఆగిపోతే పదే పదే కిక్ కొట్టకండి, ఆ నీరు మరింత లోపలికి పోతుంది. ట్యాంకు పూర్తిగా వంపించి, ఆరబెట్టించి, కార్బురేటర్ కడిగించి, ఫిల్టరు మార్పించండి. పైన కొత్త పెట్రోలు పోస్తే సరిపోతుందనుకుంటే రేకు ట్యాంకు లోపల తుప్పు పడుతూనే ఉంటుంది. బిల్లు పారేయకండి. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఆ సీసాకు మూత బిగించి, తేదీ రాసి షాపులోనే ఉంచాం. తనిఖీకి ఏ అధికారి వచ్చినా బిల్లుతో సహా చూపిస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి జిల్లా