గుండ్రంగా ఉన్నదల్లా ఉల్కా బిలమేనా?

సంపాదకునికి,

చెరువు గుండ్రంగా కనిపిస్తే చాలు, అది ఉల్క పడి ఏర్పడిందని వార్తల్లో తేల్చేస్తున్నారు. గుండ్రటి గుంతలు అగ్నిపర్వతాల వల్లా ఏర్పడతాయి. తేడా చెప్పేది రాయి. మహారాష్ట్రలోని లోణార్ బిలం (వ్యాసం సుమారు 1.8 కి.మీ.) అగ్నిపర్వతానిదేనని చాలాకాలం వాదించారు. ఉన్నది లావా గడ్డకట్టిన దక్కన్ బసాల్టులో కదా, వాళ్లను తప్పుపట్టలేం! 1970లలో అక్కడి రాళ్లలో మాస్కెలినైట్ బయటపడింది. విపరీతమైన ఆఘాతానికి గాజులా మారిన ఫెల్డ్‌స్పార్ ఖనిజమది. అంతటి ఒత్తిడి లావాకు చేతకాదు. మధ్యప్రదేశ్‌లోని ఢాలా ఉల్కా బిలంలో దొరికే క్వార్ట్జ్ ఖనిజపు రేణువులను సూక్ష్మదర్శిని కింద పెడితే ఆఘాతం గీసిన సన్నటి సమాంతర గీతలు బారులు తీరి కనిపిస్తాయి.

జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన ఊళ్లోనే, ఉప్పల్ దారిలో ఉంది. వార్త అచ్చు వేసేముందు అక్కడికి ఒక ఫోను చేస్తే పోయేదేముంది?

– ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్