చిన్న కాలేజీ గెలిస్తే అదృష్టమేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మీ బెంగళూరు ఎడిషన్ క్రీడల పేజీలో, క్రికెట్ పోగా అడుగున మిగిలిన జాగాలో, అంతర్ కళాశాలల బాస్కెట్‌బాల్ క్వార్టర్ ఫైనల్ గురించి నాలుగు వాక్యాలు వేశారు. హొసకోట అవతలి ఒక డిగ్రీ కాలేజీ కుర్రాళ్లు నగరంలో పేరున్న విశ్వవిద్యాలయం జట్టును ఓడించారని, అదృష్టం కలిసి రావడంతో సంచలనం జరిగిందని రాశారు. వేసినందుకు సంతోషం, మామూలుగా ఆ మాత్రం కూడా రాదు. కానీ ఆ మ్యాచ్‌కు స్కోరు షీటు రాసింది నేను. పడిన ప్రతి పాయింటూ, ఊదిన ప్రతి ఫౌలూ నా చేత్తో ఎక్కించాను. అందుకే ఈ ఉత్తరం.

మాది పుంగనూరు. కాలేజీలో ఆడాను, ఉద్యోగం వచ్చాక బ్యాంకు జట్టుకు ఆడాను, మోకాళ్లు మొరాయించాక స్కోరూ, ఫౌళ్లూ రాసే టేబుల్ అఫీషియల్‌నయ్యాను. రాజాజీనగర్ నుంచి ఏ మూల కోర్టుకు పిలిచినా పోతాను. వాళ్లిచ్చే భత్యం మెట్రోలో వెళ్తే మిగులుతుంది, ఆటో ఎక్కితే చేతి డబ్బు పడుతుంది.

స్కోరు షీటు ఎలా ఉంటుందో మీ విలేకరికి తెలుసో లేదో. మొదటి, మూడో క్వార్టర్లు ఎర్ర పెన్నుతో, రెండు, నాలుగు నీలం పెన్నుతో రాస్తాం. షాట్ పడితే వరసలోని అంకె మీద అడ్డగీత కొడతాం. ఫ్రీ త్రో, అంటే ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డం రాకుండా వేయనిచ్చే షాట్, పడితే నిండు చుక్క పెడతాం. మూడు పాయింట్ల షాట్ అయితే వేసినవాడి నంబరు చుట్టూ సున్నా చుడతాం. ఫౌల్ చేసినవాడి పేరు పక్కన 'పీ', దానికి రెండు ఫ్రీ త్రోలిస్తే 'పీ2'. మ్యాచ్ అయ్యాక గులాబీ రంగు కాపీ గెలిచినవాళ్లకు, పసుపు కాపీ ఓడినవాళ్లకు ఇస్తాం. ఆట చూడనివాళ్లు కూడా ఆ కాగితం చదివి ఏం జరిగిందో చెప్పేయొచ్చు. ఆ రోజు కాగితంలో చిన్న కాలేజీ వైపు ఎటు చూసినా సున్నాలే. పెద్ద జట్టు వైపు 15వ నంబరు పిల్లవాడి పేరు పక్కన పీలే పీలు.

ఆ 15వ నంబరు రెండు మీటర్ల పైన ఉంటాడు. స్కాలర్‌షిప్ ఇచ్చి, హాస్టల్ ఇచ్చి తెచ్చుకున్నారు. చిన్నగా ఎగిరితే చాలు, రింగు చేతికొస్తుంది. అలాంటివాడు ఎదుట ఉంటే మన కోచ్‌లందరూ చెప్పేది ఒకటే: వాడికి దూరంగా ఆడండి. ఈ చిన్న కాలేజీ కుర్రాళ్లు దానికి తిరగేసి చేశారు. మొదటి ఐదు నిమిషాలూ బంతి తీసుకుని నేరుగా వాడి మీదికే పోయారు. రెండుసార్లు వాడు బంతిని గ్యాలరీలోకి కొట్టాడు, ఈలలే ఈలలు. మూడోసారి బంతితో పాటు చెయ్యీ తగిలింది. పీ2. క్వార్టర్ ముగిసేలోపు ఇంకొకటి. ఒక టైమౌట్‌లో వీళ్ల కెప్టెన్, కదిరి వైపు పిల్లవాడు, భుజం ఎత్తు కూడా లేడు, టేబుల్ దగ్గరికి వచ్చాడు. మొదట కన్నడంలో తడుముకుని, నేను తెలుగులో పలికేసరికి తేరుకున్నాడు.

"మేడమ్, వాళ్ల పదైదుకు ఎన్ని ఫౌళ్లయినాయి?"

"రెండు."

"ఇంగొగటి రాసుకుంటారు, సూడండి."

టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వకూడదు. నవ్వలేదు. రెండో క్వార్టర్ సగం కాకముందే మూడోది రాశాను. ఐదైతే మ్యాచ్ నుంచి బయటికే కాబట్టి వాళ్ల కోచ్ భయపడి పిల్లవాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. అంతే, వీళ్లు లోపలికి పోవడం ఆపేసి గీత బయటి నుంచి త్రీలు, అంటే మూడు పాయింట్ల షాట్లు, మొదలుపెట్టారు. ఎందుకంటే అప్పుడు షాట్ తప్పినా, తిరిగొచ్చే బంతి (రీబౌండ్) కోసం ఎగిరే పొడుగువాడు కోర్టులో లేడు. ఇది ఎవరో ముందే కూర్చుని ఆలోచించిన పని.

త్రీల సంగతి కొంచెం లెక్క వేసి చూపిస్తాను, బ్యాంకు బుద్ధి పోదు కదా. మూడు త్రీలు వేస్తే ఒకటి పడే జట్టుకూ, రెండు మామూలు షాట్లు వేస్తే ఒకటి పడే జట్టుకూ సగటున తేడా లేదు. 30 షాట్లకు ఇద్దరికీ 30 పాయింట్లే. కానీ మంచి రోజునా, చెడ్డ రోజునా చూడండి. త్రీలవాళ్లకు మంచి రోజున నాలుగు ఎక్కువ పడితే 42, చెడ్డ రోజున నాలుగు తక్కువ పడితే 18. రెండేసివాళ్లకు అదే నాలుగు అటూ ఇటూ అయితే 38, 22. బలమైన జట్టుకు ఈ ఊపు అక్కర్లేదు, మామూలుగా ఆడినా గెలుస్తుంది. బలహీనమైన జట్టుకు మాత్రం మామూలు రోజంటే ఓటమి రోజే. కాబట్టి దానికి ఊపు కావాలి, అది కిందికి కూడా ఊగుతుందని తెలిసే కావాలి.

రెండోది, బంతి చేతికొచ్చే సార్లు తగ్గించడం. ప్రతి పది సార్లకూ పెద్ద జట్టు మనకంటే ఒక పాయింటు ఎక్కువ తెస్తుందనుకుందాం. చెరో 80 సార్లు ఆడితే ఎనిమిది పాయింట్లు వెనకబడతాం. చెరో 60 సార్లే ఆడితే ఆరు. ఆరంటే రెండు త్రీలు. మనకు 24 సెకన్లలోపు షాట్ వేయాలనే గడియారం ఉంది కాబట్టి బంతిని దాచుకుని కూర్చోవడం కుదరదు. కానీ ఈ కుర్రాళ్లు పద్దెనిమిది, ఇరవై సెకన్ల దాకా రింగు వంక చూడనే చూడలేదు. గ్యాలరీలో వాళ్ల కాలేజీ పిల్లలే 'షూట్, షూట్' అని అరుస్తున్నా చలించలేదు. నాకు ముచ్చటేసింది.

మార్చి వస్తే అమెరికా కాలేజీల టోర్నమెంటు తెల్లవారుజామున ఫోన్లో చూడటం నాకున్న ఒకే ఒక చెడ్డ అలవాటు. అక్కడ ఒక్కో విభాగంలో జట్లకు బలాన్ని బట్టి 1 నుంచి 16 దాకా నంబర్లిచ్చి, ఒకటోదానికి పదహారోదానితో మొదటి మ్యాచ్ పెడతారు. 1985లో 64 జట్ల పద్ధతి వచ్చాక మగపిల్లల టోర్నమెంటులో 33 ఏళ్లపాటు పదహారోది ఒక్కసారీ గెలవలేదు. 2018లో యూఎంబీసీ అనే మేరీల్యాండ్ కాలేజీ వర్జీనియాను గెలిచింది. అదీ 74-54తో. సగం ఆటకు 21-21. వర్జీనియావాళ్లది నిదానంగా, తక్కువ స్కోరుతో నడిపే ఆట. అంటే పెద్ద జట్టే చిన్న జట్టుకు కావాల్సిన ఆట ఆడిపెట్టింది. రెండో సగంలో ఊపు యూఎంబీసీ వైపు తిరిగింది. మ్యాచ్ మొత్తం మీద యూఎంబీసీ 24 త్రీలు వేస్తే 12 పడ్డాయి, వర్జీనియాకు 22 వేస్తే నాలుగే. ఇదే యూఎంబీసీ అంతకు రెండు నెలల ముందు ఆల్బనీ చేతిలో 83-39తో ఓడింది. 44 పాయింట్ల తేడా! నలభైతో ఓడగల జట్టే ఇరవైతో గెలిచింది. నాకు ఆ టోర్నమెంటులో గుర్తుండిపోయింది గెలుపు కంటే ఈ లెక్కే.

(ఆడపిల్లల టోర్నమెంటులో ఈ పని 1998లోనే హార్వర్డ్ చేసేసింది, స్టాన్‌ఫర్డ్ సొంత కోర్టులో 71-67తో. మగపిల్లలకు ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను.)

2023లో మళ్లీ పదహారో నంబరు ఫెయిర్‌లీ డికిన్సన్ ఒకటో నంబరు పర్డ్యూను 63-58తో ఓడించింది. పర్డ్యూలో జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాలు. డికిన్సన్ జట్టేమో అక్కడి కాలేజీల పై స్థాయి అయిన మొదటి డివిజన్ మొత్తంలో పొట్టి జట్టు. వాళ్లు ఈడీకి ముందొకణ్ని, వెనకొకణ్ని నిలబెట్టి బంతి చేరకుండా చూశారు. అంటే బయట ఎవరో ఒకరు ఖాళీగా ఉంటారు. ఉండనీ అన్నారు, బయటివాళ్లే వేసుకోనీ అన్నారు. పర్డ్యూ 26 త్రీలు వేసి ఐదు సాధించింది. ఆ ఖాళీగా వదిలినవాళ్లకు ఆ రోజు పది పడి ఉంటే డికిన్సన్ చిత్తుగా పోయేది, మనకు దాని పేరు కూడా తెలిసేది కాదు. ఆ సంగతి వాళ్ల కోచ్‌కు తెలియదా? తెలిసే వదిలాడు.

అదే టోర్నమెంటు 1985 ఫైనల్ కథ అందరూ చెప్పేదే. విలనోవా 28 షాట్లు వేసి 22 సాధించి, పాట్రిక్ ఈవింగ్ ఉన్న జార్జిటౌన్‌ను 66-64తో గెలిచింది. అప్పుడు షాట్ గడియారం లేదు, 28 షాట్లతో ఫైనల్ అయిపోయింది. అది ఇప్పుడు కుదిరే పని కాదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది. మన చిన్న కాలేజీలు ఇలా ఎందుకు ఆడవు? పిల్లలకు చేతకాక కాదు. పెద్దవాళ్లకు పరువు అడ్డం. ఇదే టోర్నమెంటులో ఇంకో చిన్న కాలేజీ ఆట కూడా రాశాను. వాళ్లలో ఇద్దరు చక్కగా త్రీలు వేయగలరు. మొదట్లో నాలుగు తప్పాయి. పీడీ సార్ (ఆటలు చూసే మాస్టారు) లేచి 'గీత బయట ఎవడైనా బంతి వదిలితే బస్సు ఎక్కనివ్వను' అన్నాడు. ఆ తర్వాత పిల్లలు బుద్ధిగా లోపలికి పోయి పొడుగువాళ్ల కింద నలిగిపోయారు. ఇరవై చిల్లర తేడాతో ఓడారు. సార్ మొహంలో తృప్తి. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసి 'బాగా పోరాడారు సార్, గౌరవంగానే ఓడాం' అని చెబుతుంటే టేబుల్ దగ్గర నాకు వినబడుతూనే ఉంది. ఇరవైతో ఓడితే ఎవరూ ఏమీ అనరు. నలభైతో ఓడితే వచ్చే ఏడాది టీఏ, డీఏ ఇవ్వరేమోనని ఆయన భయం. ఆ భయం ఉత్తిదని నేనూ అనలేను. కానీ ఇరవైతో ఓడే ఆట ఎన్నిసార్లు ఆడినా గెలుపు రాదు. గెలవాలంటే నలభైతో ఓడే అవకాశం ఉన్న ఆటే ఆడాలి. గెలిచిన కాలేజీ పీడీ సార్ ఈ సంగతి తన ప్రిన్సిపాల్‌కు ముందే చెప్పి వచ్చాడట. ఆయన్ని మెచ్చుకోవాల్సింది త్రీల కంటే దీనికి.

ఒక్కటి మాత్రం డబ్బూ, ఎత్తూ అక్కర్లేనిది ఉంది: ఫ్రీ త్రో. రెండు మీటర్లవాడికైనా, కదిరి పిల్లవాడికైనా బోర్డుకు గీత 4.6 మీటర్లే, రింగు 3.05 మీటర్ల ఎత్తే, అడ్డం ఎవరూ రారు. 1983లో నార్త్ కరోలినా స్టేట్ జట్టు ఒలాజువాన్, డ్రెక్స్‌లర్‌లు ఉన్న హ్యూస్టన్‌ను ఆ అమెరికా టోర్నమెంటు ఫైనల్లో 54-52తో పడగొట్టినప్పుడు, చివర్లో కావాలని ఫౌల్ చేసి హ్యూస్టన్ కుర్రాళ్లను ఆ గీత దగ్గరే నిలబెట్టింది. వాళ్లు వేసినవి పడలేదు. మన దగ్గర బంతి వంక చూడకుండా మనిషిని పట్టుకుంటే స్పోర్ట్స్‌మన్‌షిప్ లేని ఫౌల్ ఇస్తారు కాబట్టి ఆ పని జాగ్రత్తగా చెయ్యాలి. మొన్నటి మ్యాచ్‌లో మన చిన్న కాలేజీ కుర్రాళ్లు మూడు పాయింట్ల ఆధిక్యంతో చివరి నిమిషంలోకి వచ్చారు. పెద్ద జట్టుకు దొరికిన నాలుగు ఫ్రీ త్రోల్లో ఒకటి పడింది, వీళ్లకు దొరికిన రెండూ పడ్డాయి. నాలుగు పాయింట్లతో గెలిచారు. హాస్టల్ వెనక ఉన్న సిమెంటు కోర్టులో చీకటి పడేదాకా అవే వేస్తారని ఆ కెప్టెన్ తర్వాత చెప్పాడు.

సెమీఫైనల్లో ఇదే జట్టు ముప్పై పైచిలుకు తేడాతో ఓడింది. ఆ మ్యాచ్ కూడా నేనే రాశాను. అదే ఆట ఆడారు, త్రీలు పడలేదు, ఎదుటి జట్టు పొడుగువాడు ఫౌళ్లు చెయ్యలేదు. మీ పేపర్లో అది రాలేదు.

నా విన్నపం చిన్నది. 2017 జులైలో మన కంఠీరవ ఇండోర్ స్టేడియంలోనే భారత మహిళలు ఆసియా కప్ డివిజన్ బీ ఫైనల్లో కజకిస్తాన్‌ను 75-73తో గెలిచినప్పుడు గ్యాలరీలో గొంతు పోయేలా అరిచినదాన్ని. మర్నాడు ఎవరెన్ని ఫ్రీ త్రోలు వేశారో చూద్దామని పేపర్లు తిరగేస్తే స్కోరు తప్ప ఏమీ దొరకలేదు. కాలేజీ మ్యాచ్ అయినా సరే, ఇకనుంచి స్కోరుతో పాటు రెండు జట్ల త్రీలు, ఫ్రీ త్రోలు, ఫౌళ్లు ఒక్క వరసలో వేయండి. రెండు వాక్యాల జాగా చాలు. మీ విలేకరిని మ్యాచ్ అయ్యాక రెండు నిమిషాలు టేబుల్ దగ్గరికి రమ్మనండి, షీటు ఎలా చదవాలో నేను చూపిస్తాను. క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్ రెండు షీట్ల ఫొటోలూ నా ఫోన్లో ఉన్నాయి. అడిగితే ఇవాళే పంపిస్తాను.

ఇట్లు,
ఒక టేబుల్ అఫీషియల్,
రాజాజీనగర్, బెంగళూరు